లక్ష్యాలు చాలా ఉన్నాయి, జాతీయ ఇంధన విధానం ఏది?

పొలంలో ఒక బోరు, దానికి 5 హార్స్‌పవర్ మోటారు, గట్టు మీద చిన్న రేకు పెట్టెలో స్టార్టర్. ఆ మోటారు మీద ఎన్ని శాఖల చేయి ఉందో లెక్కపెడితే ఆశ్చర్యం కలుగుతుంది. మోటారు ఎంత కరెంటు తాగుతుందో చెప్పే స్టార్ రేటింగ్ ఇచ్చేది కేంద్ర విద్యుత్ శాఖ కింద పనిచేసే ఇంధన పొదుపు సంస్థ బీఈఈ. ఉచిత కరెంటు సబ్సిడీ భరించేది రాష్ట్ర ప్రభుత్వం. లైను, ట్రాన్స్‌ఫార్మర్ డిస్కంవి, అంటే కరెంటు పంపిణీ సంస్థవి. కరెంటు మోటారు తీసేసి సోలార్ పంపుసెట్టు పెట్టుకుంటే కుసుమ్ పథకం కింద సాయం చేసేది కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ. అది తోడే భూగర్భ జలాల లెక్క జలశక్తి శాఖది. ఆ నీళ్లతో వరి వేయాలా, వేరే పంట వేయాలా అన్నది చాలావరకు మద్దతు ధరను బట్టి ఉంటుంది కాబట్టి వ్యవసాయ, ఆహార శాఖలు కూడా వచ్చి చేరతాయి. కరెంటు పుట్టేది ఎక్కువగా బొగ్గుతోనే కాబట్టి బొగ్గు శాఖ, ఆ బొగ్గును మోసుకొచ్చే రైల్వే శాఖ ఎటూ ఉన్నాయి.

ఇన్ని శాఖలున్నా మోటారు బాధ్యత పూర్తిగా ఎవరిదీ కాదు. ఇళ్లకు, ఫ్యాక్టరీలకు పోగా కరెంటు మిగిలేది రాత్రిపూట కాబట్టి ఏళ్ల తరబడి వ్యవసాయానికి రాత్రి కరెంటు ఇచ్చారు. రైతు టార్చిలైటు పట్టుకుని అర్ధరాత్రి బోరు దగ్గరికి నడిచేవాడు. చీకట్లో పాము కరిచి, తడి చేత్తో స్టార్టర్ ముట్టుకుని షాక్ కొట్టి పోయిన ప్రాణాలు తెలుగు పల్లెల్లో ఎన్నో. ఆ బాధ పడలేక ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే ఫీడరు మీది మోటార్లన్నీ ఒక్కసారిగా తిరిగేవి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి, మడి నిండినా నీళ్లు పారుతూనే ఉండేవి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయండని రైతులకు నచ్చజెప్పాల్సి వచ్చింది. ఈలోగా సోలార్ వచ్చి లెక్క తలకిందులైంది. ఇప్పుడు దేశంలో అన్నిటికన్నా చవకైన కరెంటు మిట్టమధ్యాహ్నానిది. రైతుకు కావాల్సిందీ పగటి కరెంటే. ఈ రెండూ ఎప్పుడో, ఒక పద్ధతి ప్రకారం కలవాల్సింది. కొన్ని రాష్ట్రాల్లో కలిశాయి, కొన్నిచోట్ల సగమే కలిశాయి, కొన్నిచోట్ల రైతు ఇంకా రాత్రి కరెంటు కోసమే కాచుకుని ఉన్నాడు.

సుస్థిర ఇంధనం గురించి మన దేశంలో మాట్లాడేటప్పుడు ఎక్కువగా వినిపించేవి లక్ష్యాలు. ఫలానా ఏడాదికి ఇన్ని మెగావాట్లు అని చెప్పేది లక్ష్యం. రెండు అవసరాలు ఢీకొన్నప్పుడు ఏది ముందు, దానికి డబ్బు ఎక్కడిది, గడువు తప్పితే ఎవరు జవాబు చెప్పాలి అన్నవి తేల్చాల్సింది విధానం. మనకు లోటు ఉన్నది ఈ రెండో దాంట్లోనే.

ప్రయత్నం జరగలేదని కాదు. కిరీట్ పారిఖ్ అధ్యక్షతన ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల కమిటీ 2006లో సమగ్ర ఇంధన విధానంపై నివేదిక ఇచ్చింది. బొగ్గు, చమురు, గ్యాస్, అణు, జల, సౌర విద్యుత్తులను ఒకే లెక్కలో పెట్టి చూసిన పెద్ద ప్రయత్నం అది. 2008 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది కూడా. కానీ దాని వెనక చట్టబలం లేదు. ఏ శాఖ పని ఆ శాఖదే అయింది. తర్వాత ప్రణాళికా సంఘం పోయి నీతి ఆయోగ్ వచ్చింది. అది 2017 జూన్‌లో జాతీయ ఇంధన విధానం ముసాయిదాను ప్రజల ముందు పెట్టింది. ఆ ముసాయిదా ముసాయిదాగానే ఉండిపోయింది. విడివిడిగా చూస్తే చట్టాలకు, పథకాలకు కొదవ లేదు. 2001 ఇంధన పొదుపు చట్టం, 2003 విద్యుత్ చట్టం, 2018 జీవ ఇంధన విధానం, 2023 గ్రీన్ హైడ్రోజన్ మిషన్, ఇళ్ల మీద సోలార్ కోసం 2024 పీఎం సూర్యఘర్ దేనికదే పనికొచ్చేది. వీటన్నిటినీ ఒక తాటి మీద నడిపే పెద్దదిక్కు మాత్రం లేదు.

సాధించింది కూడా చిన్నదేమీ కాదు. 2010లో జాతీయ సౌర మిషన్ మొదలైనప్పుడు తొలి విడత వేలంలో యూనిట్ ధర సగటున 12 రూపాయల పైమాటే. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో అది 1 రూపాయి 99 పైసలకు దిగింది. 2022 నాటికి 1.75 లక్షల మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్ అనుకున్న లక్ష్యం గడువులోగా అందకపోయినా, 2030 నాటికి స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర ఇంధనాలదే (బొగ్గు, చమురు, గ్యాస్ కానివాటిదే) కావాలన్న మాట 2025లోనే, ఐదేళ్లు ముందుగా నెరవేరింది. గర్వపడాల్సిన విషయమే.

అయితే స్థాపిత సామర్థ్యం అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. ఒక మెగావాట్ సోలార్ ప్లాంటు ఏడాది పొడవునా ఎండకాసి ఇచ్చేది సుమారు 17 లక్షల యూనిట్లు. 70 శాతం లోడుతో నడిచే ఒక మెగావాట్ బొగ్గు ప్లాంటు ఇచ్చేది సుమారు 61 లక్షల యూనిట్లు. కాగితం మీద రెండూ ఒక్కొక్క మెగావాటే. అందుకే సామర్థ్యంలో సగం దాటినా, దేశంలో నిజంగా ఉత్పత్తయ్యే కరెంటులో సుమారు 70 శాతం ఇంకా బొగ్గుదే. మెగావాట్లలో లక్ష్యం పెడితే అందరూ మెగావాట్లే లెక్కపెడతారు. యూనిట్లు, అందులోనూ ఏ గంటకు ఎన్ని యూనిట్లు అన్న లెక్క వెనకబడిపోతుంది.

ఆ గంటల లెక్క ఏమిటో తెలియాలంటే, ఏ కేంద్రం ఎంత కరెంటు ఇవ్వాలో క్షణక్షణం చూసే రాష్ట్ర లోడ్ డిస్పాచ్ సెంటర్‌లో ఒక రోజు ఎలా గడుస్తుందో చూడాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా తెర మీద సోలార్ గీత కొండలా లేస్తుంది. అంత కరెంటు తీసుకునే చోటు లేక థర్మల్ కేంద్రాలకు ఫోన్ చేసి బ్యాక్‌డౌన్ చేయమంటారు, అంటే ఉత్పత్తి తగ్గించమంటారు. బొగ్గు యూనిట్‌ను మరీ తగ్గించడానికి వీల్లేదు. 55 శాతం దగ్గర ఆపాలి, అంతకన్నా దిగితే బాయిలర్ నిలకడగా మండదు. పొద్దు వాలేసరికి సోలార్ గీత జారిపోతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు వేస్తారు, హోటళ్లలో గ్రైండర్లు తిరుగుతుంటాయి. మధ్యాహ్నం తగ్గించమన్న కేంద్రాన్నే రెండు గంటల వ్యవధిలో పెంచమంటారు. అది చాలకపోతే కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో ఎంత రేటుకైనా కొనాలి. డ్యూటీలో ఉన్న ఇంజినీర్లకు రోజూ ఇదే టెన్షన్. 2025లో రాజస్థాన్‌లో ట్రాన్స్‌మిషన్ లైన్లు పూర్తికాక, సిద్ధంగా ఉన్న సోలార్ కరెంటును బయటకు పంపే దారిలేక ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది. ప్లాంటు ఏడాదిన్నరలో లేస్తుంది, లైను వేయడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ముందు లైను, తర్వాత ప్లాంటు అని వరస చెప్పి, అందరిచేత ఆ మాట పాటింపజేసేది ఉండాలి.

మధ్యాహ్నం మిగిలిన కరెంటును సాయంత్రానికి దాచడానికి మన దగ్గర ఒక పాత ఉపాయం ఉంది. శ్రీశైలం ఎడమ గట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్లవి ఆరు యూనిట్లు రివర్సిబుల్ టర్బైన్లతో కట్టారు. నీళ్లు కిందికి వదిలితే కరెంటు ఇస్తాయి, కరెంటు ఇస్తే నీళ్లను తిరిగి పైకి ఎక్కిస్తాయి. నాగార్జునసాగర్‌లోనూ అలాంటి యూనిట్లున్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో చేపట్టిన పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుదీ ఇదే సూత్రం. శ్రీశైలం కట్టిన రోజుల్లో లెక్క వేరు. రాత్రి మిగులు బొగ్గు కరెంటుతో నీళ్లు ఎక్కించి పగలు వాడదామనుకున్నారు. ఇప్పుడు అదే యంత్రం మధ్యాహ్నపు ఎండతో నీళ్లు ఎక్కించి సాయంత్రం దించడానికి చక్కగా సరిపోతుంది. బ్యాటరీలు చవకవుతున్న మాట నిజమే కానీ, గంటల తరబడి వేల మెగావాట్లు నిలబెట్టడంలో ఇలాంటి జలాశయాలకు ఇప్పటికీ మంచి చోటు ఉంది.

కానీ జలాశయంలో ఉన్నవి కరెంటు నీళ్లు మాత్రమే కావు. తాగునీళ్లు, సాగునీళ్లు కూడా అవే. 2021 జూలైలో శ్రీశైలం, సాగర్, పులిచింతలలో విద్యుత్ ఉత్పత్తి మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య గొడవ ముదిరి ప్రాజెక్టుల దగ్గర పోలీసులు మోహరించే దాకా వెళ్లింది. ఒకరికి అది కరెంటు అవసరం, ఇంకొకరికి రాబోయే పంట నీళ్లు. ఇద్దరి మాటా కాదనలేనిది. రేపు దేశమంతా గ్రిడ్‌ను నిలబెట్టే పని జలాశయాల మీద పడితే ఇలాంటి తగాదాలు ప్రతి నదికీ వస్తాయి. గ్రిడ్ కోసం నీళ్లు వదిలిన రాష్ట్రానికి ఏమి దక్కాలి, ఏ మట్టానికి దిగితే కరెంటు ఆపాలి అన్నవి నదీ బోర్డు, విద్యుత్ శాఖ కలిసి ముందే రాసిపెట్టుకోవాల్సినవి. బెడద నెత్తి మీదికి వచ్చాక తేల్చుకునేవి కావు.

ముందుచూపు లేకపోతే ఎంత నష్టమో గోదావరి జిల్లాలకు బాగా తెలుసు. కృష్ణా గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రంలో 2009 ఏప్రిల్‌లో గ్యాస్ ఉత్పత్తి మొదలైంది. ఆ గ్యాస్ మీద నమ్మకంతో జేగురుపాడు, వేమగిరి, సామర్లకోట, కొండపల్లి ప్రాంతాల్లో కొత్త విద్యుత్ కేంద్రాలు లేచాయి, ఉన్నవాటిని పెంచారు. బ్యాంకులు వేల కోట్ల అప్పులిచ్చాయి. రెండేళ్లలోనే ఉత్పత్తి జారడం మొదలై, 2013 కల్లా ఆ క్షేత్రం నుంచి విద్యుత్ కేంద్రాలకు సరఫరా ఆగిపోయింది. దేశం మొత్తం మీద 14 వేల మెగావాట్లకు పైగా గ్యాస్ కేంద్రాలు ఇలా చిక్కుకుపోయినట్లు పార్లమెంటరీ స్థాయీ సంఘం లెక్క తేల్చింది. గ్యాస్ ఎంత వస్తుందన్న అంచనా ఒక శాఖది, కేంద్రాలకు అనుమతి ఇంకో శాఖది, అప్పు బ్యాంకులది. ఎరువుల ఫ్యాక్టరీలకు ముందా, కరెంటుకు ముందా అన్న ప్రశ్న ఉత్పత్తి పడిపోయాకే అసలు సమస్యగా కనిపించింది. సాయంత్రం పూట గ్రిడ్‌ను ఆదుకోవడానికి గ్యాస్ టర్బైన్‌కన్నా అనువైన థర్మల్ యంత్రం లేదు. అలాంటివి తుప్పు పడుతుంటే చూస్తూ ఊరుకోవడం బాధగా ఉంటుంది.

ఇథనాల్‌దీ దగ్గర దగ్గర ఇదే కథ. పెట్రోలులో 20 శాతం కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి ముందుకు జరిపి 2025లో అందుకున్నారు. మధ్యలో 2023 జూలైలో బియ్యం ధరలకు భయపడి డిస్టిలరీలకు ఎఫ్‌సీఐ బియ్యం ఆపేశారు, అదే డిసెంబరులో చెరకు రసం వాడకం మీద ఆంక్షలు పెట్టారు, తర్వాత మళ్లీ సడలించారు. అప్పు తెచ్చి ఫ్యాక్టరీ కట్టినవాడికీ, దాన్ని నమ్మి పంట వేసినవాడికీ రేపు ఏమవుతుందో తెలియదు.

డబ్బు సంగతి ఇంకా బాధాకరం. 2010లో టన్ను బొగ్గు మీద 50 రూపాయల సెస్సు వేసి, జాతీయ స్వచ్ఛ ఇంధన నిధి పెట్టారు. సెస్సు మెల్లగా 100, 200 దాటి 2016లో 400 రూపాయలైంది. కాలుష్యం చేసే బొగ్గు మీద పన్ను, ఆ సొమ్ముతో శుభ్రమైన ఇంధనం. ఆలోచన బంగారం లాంటిది. 2010-11 నుంచి 2017-18 వరకు వసూలైంది 86 వేల కోట్ల రూపాయలకు పైనే. నిధికి చేరింది 30 వేల కోట్ల లోపు. అందులోనూ ప్రాజెక్టులకు ఖర్చయింది సుమారు 16 వేల కోట్లు. 2017లో జీఎస్‌టీ వచ్చాక ఆ సెస్సు రాష్ట్రాల ఆదాయ నష్టం పూడ్చే పరిహార సెస్సుగా మారిపోయింది. 2025 సెప్టెంబరులో అదీ పోయి, బొగ్గు మీద జీఎస్‌టీ 5 నుంచి 18 శాతానికి పెరిగింది. ఈ డబ్బు ఇందుకే వాడాలి అని ఇంధన చట్టంలో ఒక్క సెక్షన్ ఉండి ఉంటే, ఈపాటికి ఎన్నో ట్రాన్స్‌మిషన్ లైన్లు, స్టోరేజీ ప్రాజెక్టులు నిలబడి ఉండేవి.

చివరికి భారమంతా వచ్చి పడేది డిస్కంల మీద. వాటిని అప్పుల నుంచి గట్టెక్కించడానికి 2015లో ఉదయ్ పథకం వచ్చింది, పంపిణీ వ్యవస్థను బాగుచేయడానికి 2021లో మూడు లక్షల కోట్లకు పైగా అంచనాతో ఆర్‌డీఎస్‌ఎస్ వచ్చింది. అయినా దేశంలో డిస్కంల పేరుకుపోయిన నష్టాలు ఆరు లక్షల కోట్లు దాటాయి. డిస్కం బాగుంటేనే సోలార్ కంపెనీకి నెలనెలా బిల్లు అందుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పాత గాలి, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తిరగదోడాలని రాష్ట్ర ప్రభుత్వం పూనుకుంటే, వివాదం హైకోర్టుకు వెళ్లి, ఒప్పందం ధరే చెల్లించాలని 2022 మార్చిలో తీర్పు వచ్చింది. పాతికేళ్ల ఒప్పందం ఎక్కువ ధరకు చేసుకున్నామన్న రాష్ట్రం బాధలోనూ న్యాయం ఉంది. రేటు వేగంగా పడిపోతున్న రోజుల్లో ముందుగా ధైర్యం చేసి కొన్న రాష్ట్రం శిక్ష అనుభవించింది, ఆగి చూసిన రాష్ట్రం లాభపడింది. తొలి అడుగు ఖర్చును దేశమంతా పంచుకునే ఏర్పాటు ఉంటే ఆ తగాదాకు తావుండేది కాదు.

ఇంతసేపూ మాట్లాడింది కరెంటు గురించే. దేశం వాడే మొత్తం ఇంధనంలో కరెంటు రూపంలో వాడేది ఐదో వంతు దగ్గర. మిగతాదంతా లారీల డీజిల్, ఇటుక బట్టీల బొగ్గు, ఉక్కు కొలిమి, పొయ్యి కింది కట్టె, గ్యాస్ బండ. ముడి చమురులో 85 శాతానికి పైగా, వంటగ్యాస్‌లో సగానికి పైగా బయటి నుంచి వచ్చేదే. పశ్చిమాసియాలో ఉద్రిక్తత పెరిగితే ఇక్కడ ఇంటి బడ్జెట్ ఊగిపోతుంది. 2016లో మొదలైన ఉజ్వల పథకం పేదింటికి గ్యాస్ పొయ్యి తెచ్చింది, ఆడవాళ్ల కళ్లకు, ఊపిరితిత్తులకు పొగ బాధ తగ్గించింది. అది గొప్ప మేలు. ఆ పొయ్యి మీద రెండో బండ, మూడో బండ కూడా భారం కాకుండా వెలగాలంటే దిగుమతి గ్యాస్ ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. వంటింట్లోకి కరెంటు పొయ్యి ఎప్పుడు, ఏ ధరకు రావాలి అన్న ప్రశ్న పెట్రోలియం శాఖదా, విద్యుత్ శాఖదా? రెండిటిదీ. అందుకే దాన్ని సీరియస్‌గా పట్టించుకున్నవారు తక్కువ.

దేశమంతా ఒక్క మాట మీద నడిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఎల్‌ఈడీ బల్బు చాలు. 2014లో ప్రభుత్వ కొనుగోలు ధర 300 రూపాయల పైన ఉండేది. ఉజాలా పథకం కింద కోట్ల బల్బులు ఒక్కసారిగా కొనడంతో రెండు మూడేళ్లలో 40 రూపాయల లోపుకు వచ్చింది. 36 కోట్లకు పైగా బల్బులు పంచారు. ప్రమాణం ఒకటే, కొనుగోలు ఒకటే, పంపిణీ డిస్కంల ద్వారా. ఒక్క కొత్త ప్లాంటు కట్టకుండా పీక్ డిమాండ్, అంటే ఒకేసారి కావాల్సిన గరిష్ఠ కరెంటు, తగ్గింది. బోరు మోటార్లకు, సీలింగ్ ఫ్యాన్లకు, ఏసీలకు ఇదే పట్టుదల ఎందుకు చూపకూడదు? ఊళ్లో వైండింగ్ షాపులో మూడుసార్లు చుట్టించిన పాత మోటారు అదే నీళ్లకు ఎక్కువ కరెంటు తింటుంది. ఉచిత కరెంటు కాబట్టి రైతుకు ఆ తేడా తెలియదు, తేడా కట్టేది ప్రభుత్వ ఖజానా. రైతుకు కొత్త మోటారు ఉచితంగా ఇచ్చినా, సబ్సిడీ ఆదాతో ఖజానాకు ఆ డబ్బు కొన్నేళ్లలో తిరిగి వచ్చే అవకాశం ఉంది.

బొగ్గు మీద బతికే మనుషుల మాట ఎత్తకుండా సుస్థిర విధానం రాయడం అన్యాయం. ఇల్లందు దగ్గర 1889లో తవ్వకం మొదలైన సింగరేణిలో ఇప్పటికీ దాదాపు 40 వేల మంది పర్మినెంట్ కార్మికులున్నారు. గోదావరిఖని, మందమర్రి, భూపాలపల్లి, కొత్తగూడెంలలో బట్టల షాపు నుంచి స్కూలు ఫీజు దాకా అన్నీ బాయి (గని) జీతం మీదే నడుస్తాయి. 2024 ఆగస్టులో పాల్వంచలోని కేటీపీఎస్ (కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం) పాత ప్లాంటు కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని కూల్చినప్పుడు, దశాబ్దాలుగా ఆ టవర్లను చూస్తూ పెరిగినవాళ్లు కళ్లు తుడుచుకున్నారంటే నమ్మవచ్చు. పక్కనే 800 మెగావాట్ల కొత్త యూనిట్ ఉంది కాబట్టి అక్కడ ఊరికి ఆధారం మిగిలింది. కొత్త యూనిట్ లేని చోట ఏమిటి? రైల్వే సరుకు రవాణా బరువులో దాదాపు సగం బొగ్గే, ఆ ఆదాయమే ప్యాసింజర్ టికెట్ ధరను అదుపులో ఉంచుతోంది. బొగ్గు రాష్ట్రాలకు రాయల్టీ పెద్ద ఆదాయం. వీటిలో ఏ ఒక్కటీ విద్యుత్ శాఖ ఫైల్లో కనిపించదు.

జర్మనీ 2020లో చట్టం చేసి 2038లోగా బొగ్గు మానేస్తామంది. అదే ఊపులో బొగ్గు ప్రాంతాలకు 4,000 కోట్ల యూరోలు కేటాయించింది. బ్రిటన్ 2008లో వాతావరణ మార్పు చట్టం చేసి, ఐదేళ్లకొకసారి కార్బన్ బడ్జెట్ (కర్బన వాయువులు ఎంతవరకు వదలొచ్చన్న పరిమితి) పెట్టాలని, స్వతంత్ర కమిటీ ప్రతి ఏడాదీ లెక్క చూసి పార్లమెంటుకు చెప్పాలని రాసుకుంది. 2012లో ఆ దేశపు కరెంటులో 40 శాతం దాకా బొగ్గుదే. చివరి బొగ్గు కేంద్రం 2024 సెప్టెంబరు 30న మూతపడింది. మధ్యలో ప్రభుత్వాలు, ప్రధానులు చాలామంది మారారు, చట్టం నిలిచింది. మన అవసరాలు వేరు, తలసరి వాడకం వాళ్లకన్నా చాలా తక్కువ. కాబట్టి వాళ్ల గడువులు మనకు అక్కర్లేదు. గడువును చట్టంలో పెట్టి, లెక్క చూసే బాధ్యత ప్రభుత్వం చేతిలో లేనివారికి అప్పగించే పద్ధతి మాత్రం నేర్చుకోదగ్గది.

విద్యుత్ రాజ్యాంగంలో ఉమ్మడి జాబితా అంశం. అందుకని ఢిల్లీ ఒక్కటే కూర్చుని రాసే చట్టం నిలవదు. 2022 విద్యుత్ సవరణ బిల్లు మీద రాష్ట్రాలు, ఉద్యోగ సంఘాలు, రైతు సంఘాలు ఎంత వ్యతిరేకత చూపించాయో గుర్తుంది. పన్నుల విషయంలో కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఓటేసే జీఎస్‌టీ మండలి 2016 నుంచి ఉంది. లోపాలు ఎన్ని ఉన్నా అక్కడ ప్రతి రాష్ట్ర ఆర్థిక మంత్రికి ఒక కుర్చీ, ఒక ఓటు ఉన్నాయి. ఇంధనానికి అలాంటి మండలి ఒకటి, దాని పక్కన స్వతంత్ర నిపుణుల కమిటీ ఒకటి ఉండాలి. ఐదేళ్లకోసారి బొగ్గు, చమురు, గ్యాస్, కరెంటు అన్నిటికీ కలిపి ఒకే బడ్జెట్ పార్లమెంటు ముందు పెట్టాలి. లక్ష్యం మెగావాట్లలో కాకుండా సాయంత్రం ఏడు గంటలకు అందే శుభ్రమైన యూనిట్లలో చెప్పాలి. బొగ్గు పన్నులో నిర్ణీత వాటా గని ఊళ్లకు, లైన్లకు, స్టోరేజీకి చట్టప్రకారం వెళ్లాలి. ఉచిత కరెంటు ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టానికే వదిలి, ఇచ్చే కరెంటు పగటిపూట ఇవ్వాలన్న నియమం మాత్రం అందరికీ ఒకటే ఉండాలి.

ఇదంతా తీరిగ్గా చేసుకోవచ్చని అనుకోవడానికి లేదు. 2024 మే 30న దేశ పీక్ డిమాండ్ 2.5 లక్షల మెగావాట్లకు చేరింది. 2022 వేసవిలో బొగ్గు ర్యాకులకు దారి ఇవ్వడానికి ప్యాసింజర్ రైళ్లు రద్దు చేసి, ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించిన రోజులు ఎవరూ మర్చిపోలేదు. ఆ భయంతోనే 2031-32 నాటికి కనీసం మరో 80 వేల మెగావాట్ల బొగ్గు కేంద్రాలు కావాలని కేంద్రం అనుకుంది. వాటి బాయిలర్లకు, టర్బైన్లకు ఆర్డర్లు ఇప్పుడే వెళుతున్నాయి. ఈ దశాబ్దం చివర మొదలయ్యే యూనిట్‌కు పాతికేళ్ల ఒప్పందం ఉంటే అది 2055 వరకు నడవాలి, మామూలుగా నడిచినట్లు నలభై ఏళ్లు నడిస్తే, నెట్ జీరో (వదిలే కర్బన వాయువులకు, తొలగించేవాటికి లెక్క సరిపోవడం) అని మాటిచ్చిన 2070 దాకా వస్తుంది. అందులో ఎన్ని నిజంగా అవసరమో, ఎన్నిటి పని మధ్యాహ్నపు సోలార్, జలాశయాలు, బ్యాటరీలు, మంచి మోటార్లు కలిసి చేయగలవో ఒకే చోట కూర్చుని లెక్కవేయాల్సింది ఆ ఆర్డర్ల మీద సంతకాలు పడకముందే.